బంగారు మడమముళ్లు

ఫ్రాన్సు సర్వసైన్యాధిపతి రవూల్ ద నెల్ 1302 వేసవిలో చనిపోయాడు. పెద్దింటివాళ్లు పోయినప్పుడు గుమాస్తాలు వచ్చి ఇంట్లో ఉన్న సామానంతా జాబితా రాయడం అప్పటి రివాజు. రవూల్ ఇంట్లోనూ రాశారు. అదృష్టవశాత్తు ఆ జాబితా మనకు దక్కింది. అందులో ఆయుధాలు, కవచాలు, గుర్రపు సామానుతో పాటు తిమింగలపు ఎముకతో చేసిన చేతి తొడుగులు కూడా ఉన్నాయి. ఒంటినంతా ఉక్కు పలకలతో కప్పుకునే రోజులు అప్పటికింకా రాలేదు. ఇనప కడియాలు అల్లిన చొక్కా మీద, దెబ్బ తగిలే చోట్ల మాత్రం తోలు, ఎముక, ఇనుము ముక్కలు కట్టుకునేవారు. వేళ్లను అంత భద్రంగా చూసుకున్న మనిషి జూలై 11న ఒక చిన్న వాగు పక్కన, బురదలో, బట్టలు నేసేవాళ్ల చేతుల్లో చచ్చిపోయాడు. ఆ మధ్యాహ్నం ఆయనతో పాటు వెయ్యిమందికి పైగా కులీనులు అక్కడే రాలిపోయారు.

ఫ్లాండర్స్‌లోని బ్రూజ్ పట్టణంలో మే 18 తెల్లవారుజామున తిరగబడ్డ జనం ఫ్రెంచివాళ్లను ఊచకోత కోయడం గురించి గత సంచికలో చదివారు. అక్కడ పెద్దరికం చేస్తున్న ఫ్రెంచి గవర్నరు జాక్ ద షాతియోం చీకట్లో తప్పించుకుని పారిపోవడం దగ్గర ఆగాం. అవమానం మూటగట్టుకుని పారిస్ చేరిన ఆ షాతియోం రెండు నెలలు తిరక్కుండానే మళ్లీ వచ్చాడు. ఈసారి ఫ్రాన్సు రాజు నాలుగో ఫిలిప్ పంపిన సైన్యం వెంట ఉంది. దానికి నాయకుడు ఆర్త్వా కౌంట్ రెండో రొబేర్.

ఈ రొబేర్ గురించి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. ఆయన తండ్రి మొదటి రొబేర్, సెయింట్ లూయీగా పేరుపడ్డ తొమ్మిదో లూయీ రాజుకు సొంత తమ్ముడు. 1250 ఫిబ్రవరిలో ఈజిప్టులోని మాన్సూరా దగ్గర, వెనకవాళ్లు వచ్చేదాకా ఆగమని తోటివాళ్లు చెబుతున్నా వినకుండా గుర్రాన్ని ఊరి సందుల్లోకి దూకించి, తన మనుషులతో సహా చనిపోయాడు. అప్పటికి ఆయన భార్య గర్భవతి. కొడుకు పుట్టింది ఆ సెప్టెంబరులో. తండ్రి మొహం చూడకుండా, తండ్రి ఎలా పోయాడో వింటూ పెరిగిన బిడ్డ అన్నమాట. అలాగని 1302 నాటికి అతడు ఒళ్లు తెలియని కుర్రాడేమీ కాదు. యాభై ఒక్క ఏళ్లవాడు. నేపుల్స్ రాజ్యాన్ని కొన్నేళ్లు రాజప్రతినిధిగా ఏలాడు. 1297లో గాస్కొనీలో ఇంగ్లీషువాళ్లను ఓడించి, అదే ఏడు ఆగస్టులో ఫ్యూర్న్ దగ్గర ఫ్లాండర్స్ సేనలనూ ఓడించాడు. ఫ్యూర్న్ గెలుపు కోసం ఆయన చెల్లించిన మూల్యం పెద్దది. ఒక్కగానొక్క కొడుకు ఫిలిప్ అక్కడ తగిలిన గాయాలతో మరుసటి ఏడు పోయాడు.

ఎదుటి పక్షంలోనూ ఫ్యూర్న్ గాయం పచ్చిగానే ఉంది. ఫ్లాండర్స్ సేనను నడుపుతున్న ఇద్దరిలో ఒకడు యూలిష్ విలియం. మతాధికారి పదవిలో ఉన్న కుర్రవాడు. ఫ్యూర్న్‌లో పట్టుబడ్డ తన అన్న ఫ్రెంచివాళ్ల చెరలోనే ప్రాణం వదిలాక, గురువు వేషం పక్కన పెట్టి కత్తి పట్టాడు. రెండోవాడు నామూర్ గీ. ఫిలిప్ రాజు ఖైదు చేసిన ముసలి ఫ్లాండర్స్ కౌంట్‌కు కొడుకు. విలియం ఆ కౌంట్‌కు మనవడు. వీళ్లిద్దరి వెనక ఉన్నవాళ్లు మాత్రం కులీనులు కారు. పగలంతా మగ్గం దగ్గర కూర్చునే నేతగాళ్లు, తడిపిన ఉన్ని గుడ్డను తొట్లలో వేసి కాళ్లతో తొక్కి గట్టిపరిచేవాళ్లు, రంగులు అద్దేవాళ్లు, కసాయివాళ్లు, చేపలమ్మేవాళ్లు. ఎనిమిది నుంచి పదివేల మందికి పైగా ఉంటారు. ఒక్కో వృత్తి సంఘం తన జెండాతో, తన డేరాలతో, తన ఆయుధాలతో వచ్చింది. ఒకే వీధిలో ఉంటూ, ఒకే సంఘానికి చందాలు కట్టుకుంటూ, పక్కవాడి పెళ్లాం పేరూ పిల్లల పేర్లూ తెలిసినవాడు వరసలో పక్కన నిలబడితే, వదిలేసి పారిపోవడం ఎంత కష్టమో ఊహించండి. ఫ్రెంచి కౌంట్లు ఆ సంగతి అంచనా వేయలేకపోయారు.

ఫ్లాండర్స్ సేన చేతిలో ముఖ్యంగా ఉన్నవి రెండు రకాల ఆయుధాలు. ఒకటి పొడుగాటి బల్లెం. రెండోది గూడెన్‌డాగ్. మనిషి భుజం ఎత్తుండే మందపాటి కర్ర, పైకి పోయేకొద్దీ లావెక్కుతుంది. ఆ లావు కొసకు ఇనప పట్టీ బిగించి, మధ్యలో జానెడు ఇనప ములికి దిగ్గొడతారు. రెండు చేతులా పట్టుకుని బాదొచ్చు, పొడవొచ్చు. ఊరి కమ్మరి, వడ్రంగి కలిసి ఒక పూటలో చేయగల వస్తువు. పేరుకు అర్థం శుభోదయం లాంటి పలకరింపు. రెండేళ్ల తర్వాత ఫ్లాండర్స్ యుద్ధంలో స్వయంగా పోరాడిన ఫ్రెంచి సైనికుడు గియోమ్ గియార్ తన పద్యచరిత్రలో దీన్ని శ్రద్ధగా వర్ణించాడు. ఆక్స్‌ఫర్డ్ న్యూ కాలేజీలో ఉన్న ఒక పాత ఓక్ పెట్టె ముందు పలక మీద కూడా ఈ కర్రలు పట్టుకుని వరసగా నిలబడ్డ పట్టణ సేన చెక్కి ఉంది. ఆ పలకలోనే ఒక మూల, చచ్చిపడ్డవాళ్ల ఒంటిమీది సామాను ఒలుచుకుంటున్నవాళ్లు కూడా కనిపిస్తారు.

ఇక చోటు సంగతి. కోర్ట్రయిక్ ఊరు, దాని కోట పడమర దిక్కున ఉన్నాయి. కోటలో ఫ్రెంచి దండు ఇంకా చిక్కుబడి ఉంది. వాళ్లను విడిపించడానికే రొబేర్ వచ్చింది. ఉత్తరాన లైస్ నది. దక్షిణం నుంచి తూర్పుకు చుట్టుకుంటూ రెండు వాగులు, వాటిలో ఒకటి గ్రోనింగె. చూస్తే చిన్నవే. దూకగలిగిన గుర్రం దూకేస్తుంది. కాని గట్లు మెత్తన, చుట్టూ చిత్తడి. ఫ్లాండర్స్ సేన ఆ వాగులను ముందు పెట్టుకుని, నదిని వీపుకు పెట్టుకుని నిలబడింది. పారిపోవడానికి దారి లేదు. కావాలనే అలా నిలబడ్డారని నేను నమ్ముతాను. నాయకులు గుర్రాలు దిగి వాటిని వెనక్కి పంపేశారు. నామూర్ గీ, విలియం ఇద్దరూ తామూ నేల మీదే, మామూలు వాళ్ల మధ్యే ఉంటామని చూపించారు. బ్రూజ్ తిరుగుబాటుకు ముందు నడిచిన నేతగాడు పీటర్ ద కోనింక్‌నూ అతని కొడుకులనూ మరికొందరు పట్టణవాసులనూ అక్కడికక్కడే నైట్లుగా ప్రకటించారు. ఫ్లారెన్సు చరిత్రకారుడు జొవాన్ని విల్లాని రాసినదాని ప్రకారం, పూజారి ప్రసాదం చేతబట్టుకుని వరసల ముందు నడుస్తుంటే, ప్రతివాడూ వంగి కాస్త మట్టి తీసి నోట్లో వేసుకున్నాడు.

ఆ తర్వాత వచ్చిన ఆజ్ఞే ఈ కథకంతా కీలకం. ఎవరినీ బందీగా పట్టుకోకూడదు. పోరు ముగిసేదాకా ఎవరి ఒంటిమీదా చెయ్యి వేసి దోచుకోకూడదు. ఆజ్ఞ మీరినవాణ్ని పక్కవాడే పొడిచేయాలి.

ఇది మామూలు మాట కాదు. అంతకు ముందు రెండు వందల ఏళ్లుగా నైట్లు నైట్లతో చేసిన యుద్ధాల్లో చావు అరుదు. 1119లో నార్మండీలోని బ్రెముల్ దగ్గర ఇద్దరు రాజులు తలపడ్డారు. తొమ్మిది వందల మంది నైట్లు పోరాడితే చచ్చింది ముగ్గురేనని ఆనాటి సన్యాసి ఒకడు రాసిపెట్టాడు. ఒంటిమీది ఇనప చొక్కా కొంత కారణం. పెద్ద కారణం మాత్రం డబ్బు. పట్టుబడ్డ కౌంట్ బతికుంటే ఒక ఎస్టేటు విలువ చేస్తాడు, చస్తే శవం. కాబట్టి ఓడినవాడు చేతి తొడుగు తీసి అందిస్తాడు, గెలిచినవాడు ఇంటికి తీసుకెళ్లి మర్యాదగా ఉంచుకుంటాడు, బంధువులు విడుదల సొమ్ము పంపుతారు. ఎదుటివాడు కూడా తనలాంటివాడే అయినప్పుడే ఈ పద్ధతి నడుస్తుంది. రేపు తానే పట్టుబడొచ్చు కదా. ఒక నేతగాణ్ని పట్టుకుంటే ఏ కౌంటూ అతనికి విడుదల సొమ్ము అడగడు, అక్కడికక్కడ నరికేస్తాడు. ఆ లెక్కలో తమకు ఏనాడూ చోటు లేనివాళ్లు, తమ వంతు వచ్చినప్పుడు ఆ లెక్కను గౌరవిస్తారని ఎలా అనుకుంటాం?

ఉదయం ఫ్రెంచి డేరాలో చర్చ జరిగింది. ఆనాటి ఫ్లెమిష్ వృత్తాంతం ఒకటి ఆ చర్చను వివరంగా చెబుతుంది. వాగు దాటాక తిరిగి రావడం కష్టమని రవూల్ ద నెల్ హెచ్చరించాడు. క్రాస్‌బో విలుకాళ్ల అధిపతి, పని తన మనుషులకు వదిలేయమన్నాడు. ఎండలో నిలబెట్టి అలసిపోనిద్దామని బ్రబాంట్ గోడ్‌ఫ్రీ అన్నాడు. రవూల్ కూతురు ఫ్లాండర్స్ కౌంట్ కొడుక్కి ఇచ్చిన పిల్ల. వియ్యంకుడి మనుషుల మీద జాలి చూపుతున్నాడన్న మాట పడ్డాక ఆయన మరి నోరెత్తలేదు. నీ గుర్రం ఎంత దూరం వెళ్తుందో నా గుర్రం అంతకంటే ముందుంటుందని మాత్రం చెప్పి తన దళం దగ్గరికి వెళ్లిపోయాడని కథనం. నిజానికి రొబేర్ ఆ సలహాల్లో ఒకదాన్ని విన్నాడు. మధ్యాహ్నం పోరు మొదలుపెట్టింది విలుకాళ్లే. వాళ్ల దెబ్బకు ఫ్లాండర్స్ వరసలు కొంత వెనక్కి జరిగాయి కూడా. అప్పుడు రొబేర్ కాల్బలాన్ని వెనక్కి రమ్మని, రౌతులను ముందుకు పంపాడు. కాలినడకవాళ్లు వాగు దాటేస్తే ఆ జాగాలో గుర్రాలకు చోటుండదన్న భయం కావచ్చు. తప్పుకోవడం ఆలస్యమైన కొందరు సొంత గుర్రాల కాళ్ల కిందే పడ్డారు.

రెండున్నర వేల మంది నైట్లు, వాళ్ల అనుచర రౌతులు. వాగు దాటారు. కొన్ని గుర్రాలు గట్టు దగ్గర తడబడ్డాయి, ఎక్కువ భాగం దాటాయి. వాగే ఫ్రాన్సును ఓడించిందని తర్వాతి ఫ్రెంచి రచయితలు చెప్పుకున్నారు, గడ్డితో కప్పిన గోతులున్నాయనీ అన్నారు. ఓడినవాళ్లకు అలాంటి మాటలు ఓదార్పు. దాటిన తర్వాత జరిగిందే అసలు సంగతి. గుర్రపు దాడి ఎప్పుడూ ఎదుటివాడి గుండె మీద ఆధారపడుతుంది. గుర్రాలు దగ్గరికొచ్చే కొద్దీ కాలిసేన చెదరాలి. ఇక్కడ చెదరలేదు. బల్లేల వెనక చివర నేలలో తన్నిపెట్టి నిలబడ్డారు. పరిగెత్తే గుర్రం ఇనుప కొనల గోడ మీదికి దానంతటది దూకదు. ఆగుతుంది, పక్కకు తిరుగుతుంది, వెనక వచ్చే గుర్రం దాన్ని ఢీకొంటుంది. అప్పుడు గూడెన్‌డాగ్ లేచింది. ముందు గుర్రం తల మీద, ఆ తర్వాత కిందపడ్డ మనిషి మీద.

మధ్య భాగంలో ఒకచోట వరస తెగింది. జీలండ్ నుంచి వచ్చిన అనుభవశాలి యాన్ వాన్ రెనెసె వెనకాల ఉంచుకున్న దళాన్ని అక్కడికి ఉరికించి పూడ్చాడు. అదే సమయంలో కోటలోని ఫ్రెంచివాళ్లు తలుపులు తీసుకుని బయటికొస్తే, ఈప్ర్ పట్టణం మనుషులు వాళ్లను తిరిగి లోపలికి తరిమారు. రొబేర్ అది చూసి తన దళంతో తానే దిగాడు. వాగు దాటి, జనాన్ని చీల్చుకుంటూ, ఫ్లాండర్స్ సింహపు జెండా దాకా వెళ్లి, ఆ గుడ్డలో ఒక ముక్క చింపాడంటారు. అక్కడే పడిపోయాడు. టెర్ డూస్ట్ మఠంలో పనిచేసే విలియం అనే సోదరుడొకడు ఆయన గుర్రాన్ని కూల్చాడని ప్రతీతి. తాను ఆర్త్వా కౌంట్‌నని, లొంగిపోతున్నానని రొబేర్ ఫ్రెంచిలో చెబితే, తమకు ఆ భాష రాదని చుట్టూ ఉన్నవాళ్లు బదులిచ్చారని మరో కథ. నిజమో కాదో గాని, బ్రూజ్‌లో ఉచ్చారణను బట్టి ఫ్రెంచివాళ్లను పోల్చి చంపినవాళ్ల నోట ఆ మాట సరిగ్గా అతుకుతుంది.

మూడు గంటల్లో అంతా అయిపోయింది. వెనక దళాన్ని పట్టుకుని నిలబడ్డ సెయింట్ పోల్ కౌంట్, బులోన్ కౌంట్ ముందుకు రాలేదు, వెనక్కి తిరిగి వెళ్లిపోయారు.

ఇక చనిపోయినవాళ్ల సంగతి. నేనీ జాబితాను చాలాసార్లు చదివాను. మొదట పేర్లుగా కనిపించినవి నెమ్మదిగా చుట్టరికాలుగా మారతాయి. రొబేర్ తల్లి బ్రబాంట్ ఆడపడుచు మాటిల్డా. మొదటి భర్త మాన్సూరాలో పోయాక సెయింట్ పోల్ కౌంట్‌ను పెళ్లాడింది. ఆ రెండో కాపురంలో పుట్టినవాడే బ్రూజ్ నుంచి పారిపోయిన జాక్ ద షాతియోం. అంటే సేనాపతి, గవర్నరు ఇద్దరూ ఒకే తల్లి బిడ్డలు. ఇద్దరూ ఆ వాగు పక్కనే చచ్చారు. వెనక దళంతో వెళ్లిపోయిన సెయింట్ పోల్ కౌంట్ కూడా ఆమె కొడుకే. తన అన్నా తన తమ్ముడూ పడిపోతుంటే గుర్రం తిప్పుకున్న మనిషి ఆ తర్వాత పదిహేనేళ్లు బతికాడు. ఎండలో అలసిపోనిద్దామన్న గోడ్‌ఫ్రీ రొబేర్‌కు మేనమామ కొడుకు, ఫ్రాన్సు రాజు సవతి తల్లి మారీకి సోదరుడు. తన కొడుకుతో సహా చనిపోయాడు. రవూల్ ద నెల్ పక్కనే ఆయన తమ్ముడు గీ, ఫ్రాన్సు మార్షల్, పడిపోయాడు. ఓమాల్ కౌంట్, ఊ కౌంట్, హెయినో కౌంట్ పెద్దకొడుకు కూడా పోయారు. ఇంత దగ్గరివాళ్లు ఇలా ఒక్కచోటే రాలడానికి కారణముంది. ఒక రౌతు దళమంటేనే ఒక కుటుంబం. అన్నదమ్ములు, మేనల్లుళ్లు, కౌలు భూములున్న అనుచరులు మోకాలు మోకాలు తాకేలా ఒకే జెండా కింద స్వారీ చేస్తారు. గెలిస్తే అందరికీ పేరు. గోడకు కొట్టుకుంటే ఇంట్లో దీపం పెట్టేవాడు మిగలడు.

కత్తి పట్టడం వృత్తి కానివాడు కూడా ఒకడు అక్కడ చనిపోయాడు. రాజు ముద్రాధికారి ప్యేర్ ఫ్లోత్, న్యాయవేత్త. పోప్ ఎనిమిదో బోనిఫేస్‌తో ఫిలిప్ రాజు తగువుకు అసలు బుర్ర ఇతనిదే. ఇతడు పోయాక ఆ పని గియోమ్ ద నొగారే చేతికొచ్చింది. మరుసటి ఏడు సెప్టెంబరులో అనాగ్నిలో పోప్‌ను ఇంట్లోనే పట్టుకున్నది ఆ నొగారేనే.

సాయంత్రం గెలిచినవాళ్లు మడమముళ్ల కోసం శవాల కాళ్ల దగ్గర వంగారు. నైట్‌గా దీక్ష తీసుకునే రోజున మడమకు తోలు పట్టీతో బిగించే ముల్లు ఇది. గుర్రం పక్కటెముకలకు గుచ్చి అదిలించడానికి పనికొస్తుంది. మామూలు రౌతుకు ఇనుముతో, నైట్‌కు బంగారు పూతతో చేస్తారు. అరచేతిలో ఇమిడే వస్తువు. ముఖాలు గుర్తుపట్టలేని చోట, ఎవడు నైటో ఎవడు కాదో ఆ మడమే చెప్పింది. అలా ఏరిన ముళ్లు అయిదు వందల దాకా తెచ్చి కోర్ట్రయిక్‌లోని కన్యమేరీ గుడిలో వేలాడదీశారు.

యుద్ధం అంతటితో ఆగలేదు. 1304 ఆగస్టు 18న మోన్‌సాంపెవెల్ దగ్గర ఫిలిప్ రాజు స్వయంగా వచ్చి పోరాడాడు, కుర్రవాడు విలియం అక్కడ చనిపోయాడు. 1305లో కుదిరిన సంధి ఫ్లాండర్స్ మెడకు బరువైన జరిమానా కట్టింది. అయినా బ్రూజ్, గెంట్ పట్టణ సభల్లో వృత్తి సంఘాలకు దొరికిన పీటలు మాత్రం మళ్లీ పూర్తిగా లాగేసుకోలేకపోయారు. ఆ వివరాలు వచ్చే సంచికలో.

రొబేర్ చావు నాటిన విత్తనం ఇంకోచోట మొలిచింది. కొడుకు ముందే పోయాడు గనుక ఆర్త్వా కూతురు మహోకు దక్కింది. కొడుకు కొడుకు మూడో రొబేర్ అప్పటికింకా మైనరే. పెద్దయ్యాక తాత ఆస్తి తనదేనని దావా వేసి 1309లోనూ, మళ్లీ 1318లోనూ ఓడిపోయాడు. చివరికి దొంగ దస్తావేజులు సృష్టించాడు. 1331లో అవి బయటపడి, వాటిని తయారుచేసిన జాన్ ద దివియోం అనే ఆమెను నిలువునా కాల్చేశారు. రొబేర్ దేశం వదిలి ఇంగ్లండు చేరి మూడో ఎడ్వర్డ్ కొలువులో చోటు సంపాదించాడు. అతణ్ని అప్పగించలేదన్నది ఒక నేరంగా చూపి ఫ్రాన్సు రాజు 1337లో ఎడ్వర్డ్‌కు చెందిన గాస్కొనీని జప్తు చేశాడు. వందేళ్ల యుద్ధం మొదలైంది. కోర్ట్రయిక్‌లో ఆ మధ్యాహ్నం ఒక్క కౌంట్‌ను విడుదల సొమ్ముకు పట్టుకుని ఉంటే ఇదంతా ఇలాగే జరిగేదా అని నాకు చాలాసార్లు అనిపిస్తుంది.

ముళ్లు ఎనభై ఏళ్లు గుడిలో ఉన్నాయి. 1382 నవంబరులో ఫ్రెంచి సేన మళ్లీ ఫ్లాండర్స్ మీదికొచ్చి రోజబెక దగ్గర గెలిచి కోర్ట్రయిక్‌లో దిగింది. పద్నాలుగేళ్లు కూడా నిండని ఆరో చార్లెస్ రాజు గుడిలోని ముళ్ల మాట విని ఊరు తగలబెట్టమన్నాడు. ముళ్లను దింపి పట్టుకుపోయారు. ఆయన చిన్నాన్న బర్గండీ డ్యూకు ఫిలిప్, ఊరి గోపురం మీద గంట కొట్టే బొమ్మ ఉన్న గడియారాన్ని విప్పించి బళ్ల మీద తన రాజధాని దిజోన్‌కు పంపాడు. ఆయన భార్య మార్గరెట్. అటు తండ్రి వంశంలో నాటి ముసలి ఫ్లాండర్స్ కౌంట్ రక్తం, ఇటు నాయనమ్మ వైపు మహో ద్వారా ఆర్త్వా రొబేర్ రక్తం, రెండూ ఆమెవే. కోర్ట్రయిక్ నుంచి బళ్లెక్కిన ఆ గడియారానికి వారసత్వంగా దిజోన్‌లోని కన్యమేరీ గుడి మీద ఒక బొమ్మ నేటికీ గంటలు కొడుతోంది.